కవచం వద్దనుకున్న ఒప్పందం

అమెరికా, రష్యాల దీర్ఘశ్రేణి అణ్వస్త్రాలకు పరిమితి పెట్టిన చివరి ఒప్పందం న్యూ స్టార్ట్. దాని గడువు 2026 ఫిబ్రవరి 5 వరకే. ఈ ఒప్పందాల వెనకున్న వాదన అర్థం కావాలంటే 1967 జూన్‌లో న్యూజెర్సీలోని గ్లాస్‌బరోలో ఏం జరిగిందో చూడాలి. మాస్కో చుట్టూ కడుతున్న క్షిపణి రక్షణ వ్యవస్థను ఆపేయమని అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా అక్కడ సోవియట్ ప్రధాని కొసిగిన్‌ను కోరారు. కొసిగిన్‌కు కోపం వచ్చింది. సొంత జనాన్ని కాపాడుకోవడం తప్పెలా అవుతుందన్నది ఆయన వాదన.

మెక్‌నమారా భయం వేరు. శత్రువు ముందుగా కొట్టినా, మిగిలిన ఆయుధాలతో అతణ్ణి నాశనం చేయగలిగినప్పుడే నిరోధం, అంటే ఎదురుదెబ్బ భయంతో దాడికి దిగకుండా ఆపడం, నిలబడుతుంది. ఒక్కోదానిలో 16 క్షిపణులతో అమెరికా పొలారిస్ జలాంతర్గాములు 1960 నుంచి సముద్రంలో తిరుగుతూ వచ్చింది అందుకే. ఒక పక్షానికి కవచం ఉంటే, ముందు కొట్టేసి, ఎదుటివాళ్ల దగ్గర మిగిలిన కాసిని క్షిపణుల్ని ఆపేయొచ్చన్న ధీమా వస్తుంది. అది చూసి రెండో పక్షం వార్‌హెడ్లు, అంటే క్షిపణులు మోసుకెళ్లే అణుబాంబులు, పెంచుతుంది.

అయిదేళ్లకు ఆ వాదనే గెలిచింది. 1972 మే 26న నిక్సన్, బ్రెజ్నెవ్ మాస్కోలో, క్షిపణి రక్షణ వ్యవస్థలకు హద్దు పెట్టే ఏబీఎం ఒప్పందంపై సంతకాలు చేశారు. చెరి రెండు స్థావరాలు, ఒక్కోచోట, దూసుకొచ్చే క్షిపణుల్ని కూల్చే 100 క్షిపణులు. 1974లో దాన్ని ఒక్క స్థావరానికి కుదించారు.

అదే రోజు కుదిరిన మరో ఒప్పందంలో పెద్ద లొసుగు మిగిలింది. అది క్షిపణుల్ని ప్రయోగించే లాంచర్లనే లెక్కపెట్టింది, వార్‌హెడ్లను వదిలేసింది. అమెరికా క్షిపణి మినిట్‌మన్-3కి అప్పటికే మూడు వార్‌హెడ్లు. తర్వాత వచ్చిన సోవియట్ ఎస్‌ఎస్-18కి పది దాకా. క్షిపణిని ఉంచే భూగర్భ గొయ్యి, అంటే సైలో, ఒక్కోదానికి రెండు చొప్పున గురిపెట్టినా, పది వార్‌హెడ్లున్న ఒక్క క్షిపణి అయిదు సైలోలను కొట్టగలదు. అంటే ముందు కొట్టినవాడికే లాభం. దాంతో సైలోల్లోని క్షిపణులు ధ్వంసమయ్యేలోగానే, హెచ్చరిక అందగానే ప్రయోగించాలన్న ఒత్తిడి పెరిగింది. ఖండాంతర క్షిపణి చేరడానికి పట్టేది సుమారు 30 నిమిషాలు. ఇంత ఇరుకు వ్యవధిలో ఒక్క తప్పుడు హెచ్చరిక చాలు. 1979 నవంబర్ 9న శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం అమెరికా హెచ్చరిక కంప్యూటర్లలో నిజమైన దాడిగా కనిపించింది. 1983 సెప్టెంబర్ 26న మేఘాలపై మెరిసిన ఎండను సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అయిదు క్షిపణులుగా చూపింది. విధుల్లో ఉన్న అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్ దాన్ని తప్పుడు హెచ్చరికగా నివేదించారు.

నేలపై నుంచి ప్రయోగించే బహుళ వార్‌హెడ్ క్షిపణుల్ని నిషేధిస్తూ 1993లో స్టార్ట్-2పై సంతకాలైతే అయ్యాయి. 2002 జూన్ 13న అమెరికా ఏబీఎం నుంచి తప్పుకుంది. మర్నాడే రష్యా స్టార్ట్-2కు కట్టుబడబోమని ప్రకటించింది. నా దృష్టిలో ఇటీవలి అణు చరిత్రలో అత్యంత ఖరీదైన రెండు రోజులవి.

2010 నాటి న్యూ స్టార్ట్ చెరి 1,550 మోహరించిన వార్‌హెడ్ల పరిమితి పెట్టింది, బహుళ వార్‌హెడ్లను మాత్రం నిషేధించలేదు. క్షిపణి దగ్గరికే వెళ్లి ఎన్ని వార్‌హెడ్లున్నాయో సరిచూసుకునే తనిఖీలకు, ఏడాదికి 10 దాకా, అది వీలిచ్చింది. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో ఆగిన ఆ తనిఖీలు మళ్లీ మొదలు కానేలేదు.