పక్షవాతం: ‘కాసేపు చూద్దాం’ అనే లోపు జరిగేది (అపోహలు - వాస్తవాలు)

ఎమర్జెన్సీకి పక్షవాతం కేసు రాగానే నేను ముందు అడిగేది బీపీ గురించి కాదు. “ఈయన మామూలుగా ఉండగా ఆఖరుసారి ఎవరు చూశారు, ఎన్ని గంటలకు?” అని. ఏ చికిత్స ఇవ్వగలమన్నది చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. “సాయంత్రమే చెయ్యి బరువుగా ఉందన్నారు, పడుకుంటే తగ్గుతుందనుకున్నాం” అని ఇంట్లోవాళ్లు చెబుతుంటే బాధేస్తుంది. వాళ్లది నిర్లక్ష్యం కాదు. పదిమందీ అనే మాటల్నే నమ్మారు.

అపోహ: నొప్పేమీ లేదు కదా, పెద్ద జబ్బు కాదు.

వాస్తవం: చాలామందికి పక్షవాతం, అంటే స్ట్రోక్ (మెదడులో రక్తనాళం మూసుకుపోవడం లేదా చిట్లడం), నొప్పి లేకుండానే వస్తుంది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. చేతిలోని వస్తువు జారిపోతుంది, మూతి ఒక పక్కకు పోతుంది, మాట ముద్దగా వస్తుంది, అంతే. ఇంకో చిక్కు కూడా ఉంది. మెదడులో కుడి భాగం దెబ్బతిన్న కొందరికి తమ ఎడమ చెయ్యి పడిపోయిన సంగతే తెలియదు. ఎత్తమంటే “ఎత్తానుగా” అంటారు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణమే. కాబట్టి “నాకేం కాలేదు, కంగారు పడకండి” అని ఆ మనిషే చెప్పినా, మీ కంటికి కనిపించేదాన్నే నమ్మండి.

నవ్వమనండి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపి 10 సెకన్లు ఉంచమనండి. ఒక చిన్న వాక్యం చెప్పించండి. మూతి వంకరగా ఉన్నా, ఒక చెయ్యి కిందికి దిగిపోతున్నా, మాట తేడాగా వచ్చినా వెంటనే అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. మూడూ కనిపించేదాకా ఆగక్కర్లేదు, ఒక్కటి చాలు.

అపోహ: పక్షవాతమంటే కాలూ చెయ్యీ పడిపోవాలి.

వాస్తవం: ఆ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నాకనిపిస్తుంది. కాళ్లూ చేతులూ బాగానే ఉండి మాట ఒక్కటే పోవచ్చు. ఉన్నట్టుండి చూపు సగం పోవచ్చు, ఒకటి రెండుగా కనిపించవచ్చు, నిలబడలేక ఒక పక్కకు తూలిపోవచ్చు. ఎప్పుడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా మొదలైతే అది మెదడులో రక్తస్రావం కావచ్చు.

అపోహ: పది నిమిషాల్లో తగ్గిపోయింది, గండం గడిచినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం కలిగించే మాట ఇది. మెదడు రక్తనాళానికి అడ్డుపడిన రక్తపు గడ్డ దానంతటదే కరిగితే లక్షణాలు పోతాయి. కానీ ఆ గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో ఆ కారణం అలాగే ఉంది. పెద్ద స్ట్రోక్ వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ. పూర్తిగా తగ్గినా సరే, అదే రోజు, అప్పుడే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు మొదలుపెట్టే మందులతో రాబోయే స్ట్రోక్‌ను చాలామందిలో ఆపగలం.

అపోహ: ముందు ఒక ఆస్పిరిన్, ఒక బీపీ మాత్ర వేసి బయల్దేరాలి.

వాస్తవం: రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా పైకి ఒకేలా కనిపిస్తుంది. తేడా సీటీ స్కాన్‌లోనే తెలుస్తుంది. చిట్లినచోట ఆస్పిరిన్ పడితే రక్తస్రావం ఇంకా పెరగవచ్చు. మూసుకుపోయిన మనిషికి ఇంట్లోనే బీపీ ఒక్కసారిగా దించేస్తే, మెదడుకు అందుతున్న ఆ కాస్త రక్తమూ తగ్గిపోతుంది. మంచినీళ్లు కూడా తాగించవద్దు. మింగే శక్తి దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. స్పృహ లేకపోయినా, వాంతి అవుతున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం తీయమని ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. దానివల్ల మెదడులోని గడ్డ కదలదు, టైమ్ మాత్రం పోతుంది.

అపోహ: వచ్చాక చేసేదేం లేదు, ఎప్పుడు తీసుకెళ్లినా ఒకటే.

వాస్తవం: గడ్డను కరిగించే ఇంజెక్షన్ 3 గంటల్లోపు ఇస్తే మేలు చేస్తుందని 1995లోనే తేలింది. 2008 నాటికి ఆ గడువు 4.5 గంటలకు పెరిగింది. పెద్ద నాళంలో గడ్డ ఇరుక్కుంటే సన్నని గొట్టం పంపి బయటికి లాగేస్తాం. ఇది మామూలుగా 6 గంటల్లోపు, స్కాన్‌లో కాపాడగలిగే మెదడు భాగం ఇంకా మిగిలి ఉందని కనిపిస్తే కొందరికి 24 గంటల వరకూ కుదురుతుంది. అయితే గడువుందని ఆగకండి. పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. మొదటి గంటలో ఇచ్చిన ఇంజెక్షన్ చేసే మేలు నాలుగో గంటలో ఇస్తే రాదు. నిద్ర లేచేసరికే లక్షణాలున్నా రండి. అలాంటివాళ్లలోనూ కొందరికి చికిత్స ఇవ్వగలుగుతున్నాం.

అపోహ: ఇది ముసలివాళ్ల జబ్బు.

వాస్తవం: వయసుతో ముప్పు పెరిగే మాట నిజమే. కానీ ముప్పైల్లో ఉన్నవాళ్లకూ వస్తుంది. చిన్న వయసని ఆలస్యం చేయకండి.

ఫోన్ చేసినప్పుడు “స్ట్రోక్ అనుమానం” అని చెప్పండి. అప్పుడు సీటీ స్కాన్, స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లడానికి వీలవుతుంది. వాడుతున్న మందులన్నీ వెంట తెండి, ముఖ్యంగా రక్తం పలచబడటానికి వేసుకునేవి, షుగర్ మందులు. షుగర్ బాగా పడిపోయినా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఆ మనిషిని ఆఖరుసారి బాగుండగా చూసినవాళ్లు కూడా అంబులెన్స్‌లోనే రావాలి. మాట పోయినవాళ్లు టైమ్ చెప్పలేరు.