సోలార్ చార్జింగ్, రేడియోలో రొద: అపోహలు - వాస్తవాలు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ముందు రోజు సాయంత్రమే గాలి తీరు చూసి, డాబా మీద ప్యానెల్ ఎగిరిపోతుందేమోనని విప్పి వసారాలో గోడకి ఆనించాను. రాత్రికి కరెంటు పోయింది, తెల్లారేసరికి ఫోన్లూ పోయాయి. బ్యాటరీ మీద రిగ్ (హాములు, అంటే సరదాకి వైర్‌లెస్‌లో మాట్లాడుకునేవాళ్లు, వాడే రేడియో సెట్టు) ఆన్ చేస్తే, 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్ దగ్గర హాములు మాట్లాడుకునే చోటు) పట్టపగలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎస్-మీటరు (అందే సిగ్నలూ రొదా ఎంత బలంగా ఉన్నాయో చూపేది) ముల్లు ఒకటి దగ్గర పడుకుంది. మామూలు రోజుల్లో అది ఏడు దిగదు.

రెండేళ్లుగా ఆ ఏడుకి నేను స్తంభం మీది ఇన్సులేటర్నీ, వీధిలో ఎల్ఈడీ బల్బుల్నీ తిట్టుకుంటూ వచ్చాను. మబ్బు విడిచాక ప్యానెల్ మళ్లీ డాబా ఎక్కించి కనెక్టర్ నొక్కాను. ఊళ్లో ఇంకా కరెంటు రాలేదు. కిందకి దిగి చూస్తే ముల్లు ఏడు మీద కూర్చుని ఉంది. ఊరంతటికీ కరెంటు లేని రోజున రొద చేస్తున్నది నేనొక్కణ్ణే!

పొట్టకూటికి సోలార్ బిగించేవాణ్ణి, సరదాకి హామ్‌ని. ఈ రెండూ తెలిసినవాణ్ణే ఇలా బోల్తా పడ్డానంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. తోటి హాముల నుంచి, సోలార్ పెట్టించుకునేవాళ్ల నుంచి తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సోలార్ అంటే డీసీ. డీసీలో నాయిస్ ఎక్కడిది?

ప్యానెల్ వరకూ ఈ మాట నిజం. దానంతట అది ఏ రొదా చేయదు. రొద పుట్టేది ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉన్న చార్జ్ కంట్రోలర్‌లో. ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి వీలైనంత పవరు లాగే రకం) కంట్రోలర్ ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి సరిపడా దించడానికి కరెంటుని సెకనుకు వేలసార్లు, కొన్నిట్లో లక్షసార్లకి పైగా తెంపుతూ కలుపుతూ ఉంటుంది. 50 వేలసార్లు అనుకోండి. అప్పుడు ప్రతి 50 కిలోహెర్ట్జ్‌కీ ఒక గుట్ట చొప్పున లేచి, ఆ గుట్టలు మెగాహెర్ట్జ్‌ల దాకా పాకుతాయి. 7.0 నుంచి 7.2 వరకు మనకున్న కాస్త చోటులోనే నాలుగైదు పడతాయి. మేఘం అడ్డొస్తే తగ్గి, తొలగితే పెరిగే రొద వినపడితే ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇందులో అసలు మెలిక వేరే ఉంది. కంట్రోలర్ అరచేతిలో పట్టేంత పెట్టె. అంత చిన్న పెట్టె తనంతట తాను 7 మెగాహెర్ట్జ్‌ని గాల్లోకి పెద్దగా వదల్లేదు. దానికి యాంటెన్నా కావాలి. డాబా మీంచి గదిలోకి మనం దించిన తీగ ఎంత పొడవుంటుంది? మా ఇంట్లో పది మీటర్లు. 40 మీటర్ల బ్యాండ్‌కి అది దాదాపు పావు వేవ్, అంటే తరంగం పొడవులో నాలుగో వంతు, యాంటెన్నాకి బాగా కుదిరే కొలత. అంటే రొదకి యాంటెన్నా నేనే కట్టిపెట్టాను, అదీ నా డైపోల్ (నా రిగ్ తీగ యాంటెన్నా) కిందే.

అపోహ: ఎంపీపీటీ పెడితే 30 శాతం ఎక్కువ కరెంటు వస్తుంది

అమ్మేటప్పుడు ఈ మాట నేనూ చెప్పేవాణ్ణి. చల్లటి దేశాల్లో, బ్యాటరీ బాగా దిగిపోయి ఉన్నప్పుడు ఆ లెక్క చాలావరకు నిలుస్తుంది. మన డాబా మీద నిలవదు.

36 సెల్స్ ఉన్న 100 వాట్ల ప్యానెల్ వెనక చీటీ చూడండి: సుమారు 18 వోల్టులు, 5.5 ఆంపియర్లు. అది సెల్ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి మాట. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వీపు మీద థర్మామీటరు పెడితే 65 చూపిస్తుంది. డిగ్రీకి 0.4 శాతం చొప్పున 40 డిగ్రీలకి 16 శాతం పోయింది, మిగిలింది 84 వాట్లు. తగ్గేది ఎక్కువగా వోల్టేజీయే కాబట్టి 18 కాస్తా 15 దగ్గరికి వస్తుంది. కంట్రోలర్ తన ఖర్చు 5 శాతం ఉంచుకుని బ్యాటరీకి 80 వాట్లు ఇస్తుంది. అదే ప్యానెల్‌ని ఏ మార్పిడీ లేకుండా తిన్నగా 13.5 వోల్టుల బ్యాటరీకి కలిపితే 5.6 ఆంపియర్లు, అంటే 75 వాట్లు. తేడా 5 వాట్లు. ఆ 5 వాట్ల కోసం నేను రెండేళ్లు ఎస్-7 రొద విన్నాను! డిసెంబరు పొద్దున చల్లగా ఉన్నప్పుడు తేడా 15 శాతం దాకా వస్తుంది, కాదనను.

అయితే ఇదే మాట పట్టుకుని ఇప్పుడొస్తున్న 540 వాట్ల పెద్ద ప్యానెల్‌ని 12 వోల్టుల బ్యాటరీకి తిన్నగా కలపకండి. దానిది 41 వోల్టులు, 13 ఆంపియర్లు. తిన్నగా కలిపితే 13 ఆంపియర్లే వస్తాయి, అంటే 175 వాట్లు. మిగతాదంతా దండగ. అక్కడ ఎంపీపీటీ తప్పదు, దాని రొదని కట్టడి చేసుకోక తప్పదు.

అపోహ: పీడబ్ల్యూఎం కంట్రోలర్ అయితే రొద ఉండదు

సగం నిజం. పీడబ్ల్యూఎం అంటే వోల్టేజీ మార్చకుండా ఒక స్విచ్‌తో ప్యానెల్‌ని బ్యాటరీకి తిన్నగా కలిపే రకం. బ్యాటరీ దిగిపోయి ఉన్నంతసేపూ దాని స్విచ్ కలిపినది కలిపినట్టే ఉంటుంది కాబట్టి బ్యాండ్ ప్రశాంతం. బ్యాటరీ నిండే వేళకి, అంటే పదకొండు, పన్నెండు గంటలకి, తెంపడం కలపడం మొదలవుతుంది. సెకనుకు వందసార్లే అయినా ఒక్కో తెంపు కత్తితో కోసినట్టు పదునుగా ఉంటుంది, ఆ పదునే హెచ్ఎఫ్‌లో (మన 40 మీటర్ల బ్యాండ్ ఉన్న రేడియో మేరలో) బుర్రుమంటుంది. "పొద్దున్నంతా బాగుంది, భోజనానికి ముందు పాడైంది" అని ఎవరైనా చెబితే నేను ముందు అడిగేది కంట్రోలర్ ఏమిటని.

ఇక్కడే ఇంకో మోసం చెప్పాలి. నెట్‌లో చవగ్గా వచ్చే కొన్నిటి మీద ఎంపీపీటీ అని అచ్చువేసి ఉంటుంది, లోపల ఉండేది పీడబ్ల్యూఎం. నాకూ ఒకటి తగిలింది. అట్టపెట్టె తీసి చేతిలో పట్టుకోగానే బరువు లేదు, లోపల రాగి తీగ చుట్టిన కాయిలే లేదు. విప్పకుండా తేల్చుకోవాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరు పట్టండి. ప్యానెల్ తీగలో ఎంత ఆంపియర్లో బ్యాటరీ తీగలోనూ అంతే ఉంటే అది ఎంపీపీటీ కాదు. అసలైనదైతే బ్యాటరీ వైపు ఎక్కువ చూపించాలి.

అపోహ: ఇనప డబ్బాలో పెట్టి, తీగకి ఒక ఫెర్రైట్ క్లిప్ తగిలిస్తే చాలు

డబ్బా చేశాను. మందపాటి రేకుతో, మూతకి రబ్బరు కూడా పెట్టి. ముల్లు కదల్లేదు. రొద తీగ పట్టుకుని బయటికి పోతుంటే డబ్బా ఏం చేస్తుంది? కుండ మూత బిగించి అడుగున చిల్లి వదిలేసినట్టే.

ఫెర్రైట్ క్లిప్ (తీగ మీద పాకే రొదకి అడ్డుపడే అయస్కాంత పదార్థపు ముక్క) సంగతీ అంతే. తీగ ఒక్కసారి దూరితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది పెట్టే అడ్డు పదుల ఓములు. చుట్లు పెంచితే అడ్డు ఇంచుమించు వర్గంలో పెరుగుతుంది, పది చుట్లకి వంద రెట్ల దరిదాపు. కాబట్టి క్లిప్ కాదు, పెద్ద రింగు కావాలి. నేను వాడేది 2.4 అంగుళాల వెడల్పు ఉన్న 31 రకం రింగు. హెచ్ఎఫ్‌కి అదే సరైన మిశ్రమం. 43 రకం దొరికితే అదీ పనిచేస్తుంది కానీ, కింది బ్యాండ్లలో దీనికి సాటి రాదు.

చుట్టేటప్పుడు ప్లస్, మైనస్ రెండు తీగలూ జంటగా ఒకే రింగులోంచి పోవాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు. ఒక్క ప్లస్సే చుట్టారా, 5 ఆంపియర్ల డీసీకి రింగు మొత్తం అయస్కాంతమై మొద్దుబారిపోతుంది, ఇక రొదని ఆపదు. రెండూ కలిసి పోతే వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రెంటి మీదా ఒకే దిశలో పాకే రొద ఒక్కటే అడ్డం పడుతుంది. సోలార్ కేబుల్ లావుగా ఉంటుంది కాబట్టి ఏడెనిమిది చుట్లకి మించి పట్టదు. 100 వాట్ల ప్యానెల్‌కైతే ఇళ్లల్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మెత్తటి వైరు మధ్యలో అతికి చుట్టండి, పన్నెండు చుట్లు హాయిగా పడతాయి. కంట్రోలర్‌కి జానెడు దూరంలోనే ఉండాలి, ప్యానెల్ వైపు ఒకటి, బ్యాటరీ వైపు ఒకటి. రెండు వైపులా టెర్మినళ్ల దగ్గరే ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి.

తర్వాత డాబా ఎక్కి తీగలు చూడండి. ప్లస్ ఒక గోడ వెంట, మైనస్ ఇంకో గోడ వెంట పోతుంటే అది పెద్ద లూప్. రెంటినీ జడలా పెనవేసి ఒకే దారిన దించాలి. ఇవన్నీ చేశాక మా ఇంట్లో ముల్లు ఏడు నుంచి మూడుకి దిగింది. ఎస్-యూనిట్‌కి 6 డెసిబెల్స్ లెక్కన 24. అంటే రొద పవరు 250 వంతుల్లో ఒక వంతు అయింది.

రొద ఎక్కడ పుడుతోందో వెతకడానికి ఖరీదైన మీటర్లేమీ అక్కర్లేదు. మా నాన్న విజయవాడ కేంద్రం వినే పాత ట్రాన్సిస్టరు ఇంకా ఉంది. మీడియం వేవ్‌లో 837 నుంచి కాస్త పక్కకి, ఏ స్టేషనూ లేని చోటికి తిప్పి తీగల వెంట నడుస్తాను. ఏ తీగ దగ్గర గీపెడితే ఆ తీగ.

అపోహ: ఎర్త్ రాడ్ పాతితే పోతుంది

పోదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా, రొద పారడానికి ఇంకో దారి ఇచ్చినట్టవుతుంది. పిడుగుల కోసం ఎర్త్ వేరే విషయం, అది ఉండి తీరాలి.

అపోహ: సీఈ ముద్ర ఉందిగా

సీఈ అనేది యూరప్‌లో అమ్మే సరుకు మీద ఉండే ముద్ర, తయారుచేసినవాడు తనంతట తాను వేసుకునేదే. మన బ్యాండ్‌కి అది పూచీ కాదు.

అపోహ: ప్యానెల్ తీగలు షార్ట్ చేస్తే ప్యానెల్ కాలిపోతుంది

కాలిపోదు. షార్ట్ చేసినా మామూలుగా ఇచ్చే కరెంటు కంటే ఐదారు శాతమే ఎక్కువ పారుతుంది. షార్ట్ చేసి ఉంచినా, తెరిచి ఉంచినా దానికేం కాదు. షార్ట్ చేయకూడనిది బ్యాటరీని.

ఇది తెలిస్తేనే అసలు నిశ్శబ్దం దారి తెరుచుకుంటుంది. ఇప్పుడు నా దగ్గర ఉన్నది బెంచీ మీద నేనే కట్టుకున్న కంట్రోలర్. అందులో స్విచింగ్ కన్వర్టర్ లేదు. ఒక కంపారేటర్ (వోల్టేజీ హద్దు దాటిందా అని చూసేది), ఒక మాస్ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టరు), రాత్రిపూట బ్యాటరీ వెనక్కి ప్యానెల్‌లోకి కారిపోకుండా ఒక షాట్‌కీ డయోడ్. బ్యాటరీ 14.2 వోల్టులకి చేరితే ప్యానెల్‌ని విడదీస్తుంది, 13.4కి దిగితే కలుపుతుంది. రెండు హద్దుల మధ్య ఎంత ఎడముంటే అంత నిదానంగా మారుతుంది, నిండుకొచ్చాక కూడా నిమిషానికోసారి. ఆ ఒక్క మార్పు కూడా టిక్కుమనకుండా మాస్ఫెట్‌ని నడిపే కాలు, గేటు, దగ్గర 10 కిలోఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టాను, మారడానికి ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. సెకనుకు 50 వేలసార్లు మారే కన్వర్టర్‌లో ఇలా చేస్తే మాస్ఫెట్ మాడిపోతుంది, నిమిషానికోసారి మారేదానికి వెచ్చబడటం కూడా ఉండదు. ఫ్యూజు మాత్రం బ్యాటరీ టెర్మినల్ దగ్గరే ఉండాలి.

అపోహ: లిథియం బ్యాటరీకి బీఎంఎస్ ఉంది, ఇక భయం లేదు

బీఎంఎస్ (లిథియం బ్యాటరీలోనే ఉండే కాపలా సర్క్యూట్) కాపాడేది బ్యాటరీని, మీ రిగ్‌ని కాదు. ఏదైనా ఒక సెల్ 3.65 వోల్టులు దాటితే అది బ్యాటరీని టక్కున విడదీసేస్తుంది. ఆ క్షణాన కంట్రోలర్‌కి బ్యాటరీ కనపడదు. కొన్ని కంట్రోలర్లలో అప్పుడు ప్యానెల్ 21 వోల్టులు తిన్నగా రిగ్ మీద పడతాయి. 13.8 వోల్టుల రిగ్‌లు చాలావరకు 15.8 వరకే ఓర్చుకుంటాయి. అందుకే బీఎంఎస్ అడ్డుపడే దాకా రానివ్వకుండా పై హద్దు 14.2 దగ్గరే పెట్టాను.

అపోహ: 100 వాట్ల రిగ్‌కి 100 వాట్ల ప్యానెల్ సరిపోతుంది

ఈ 100కీ ఆ 100కీ చుట్టరికం లేదు. రిగ్ మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లు లాగుతుంది, వినేటప్పుడు ఒకటి. తుపాను వేళ రోజుకి పది గంటలు విని, మొత్తం మీద ఒక గంట మాట్లాడారనుకోండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీలు పోను సగటున 8 ఆంపియర్లు పడతాయి. ఒక దీపం, ఫోన్లు కలిపితే రోజుకి 20 ఆంపియర్-అవర్లు. తుపానులో మూడు రోజులు ఎండ ఉండదనే లెక్క వేసుకోవాలి, అంటే 60. సగానికి మించి దింపకూడని ట్యూబులర్ (లెడ్-యాసిడ్) అయితే 120 కావాలి, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 చాలు. ప్యానెల్ తర్వాత సంగతి, ముందు బ్యాటరీ.

అపోహ: డాబా మీద మూడు కిలోవాట్లు ఉన్నాయి, ఊళ్లో కరెంటు పోయినా మనకి పోదు

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ వచ్చాక మా వీధిలో మూడు డాబాలెక్కాయి ప్యానెళ్లు. మూడు కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ అంటే ఎవరు వదులుకుంటారు? మా పక్కింటి బాబాయి గారూ పెట్టించారు. ఆయన ఇన్వర్టర్ రొద గురించి కదిపితే, "ఏరా, నాకు కరెంటు బిల్లు సున్నా వస్తోందని కుళ్లా?" అని నవ్వేశారు. నేనూ ఊరుకున్నాను.

బ్యాటరీ లేని ఆన్-గ్రిడ్ (ఊరి లైనుకి కలిపిన) ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు, అలాగే ఉండాలి కూడా. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చి కరెంటు పోయినప్పుడు బాబాయి గారి మూడు కిలోవాట్లూ ఆగిపోయాయి. మర్నాడు ఫోను, చార్జరు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏరా, మూడు కిలోవాట్లు నావి, వంద వాట్లు నీవి. చార్జింగు పెట్టుకోవడానికి నేనే రావాలా?"

ఇన్వర్టర్ తీగలకి రింగులు చుట్టడానికి ఒప్పుకున్నది ఆ రోజే. అందులో 200 వోల్టులకి పైగా డీసీ ఉంటుంది, ఐసొలేటర్ (ప్యానెళ్ల డీసీని తెంపే స్విచ్) తీయకుండా చెయ్యి పెట్టేది కాదు. ఆయనకి బిగించినవాళ్ల మనిషినే పిలిపించి, అతను విప్పుతుంటే నేను చుట్టాను. నాలుగు రింగులు పట్టాయి. 7.150 దగ్గర గుట్ట ఒకటి ఇంకా మిగిలే ఉంది.