కాపలా ఎవరికి ఎవరు? అడవి అంచున కుక్కతో రాత్రి బస

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి కొర్రబయలు అని మరో పేరు ఉంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. ఆ చుట్టుపక్కల పరిచయస్తుల కాఫీ తోట అంచున, వారి అనుమతితో, ఒక డిసెంబరు రాత్రి మా నాటు కుక్క మల్లితో కలిసి గుడారం వేసుకున్నాను. రాత్రి రెండు గంటల వేళ మల్లి లేచింది. మొరగలేదు. గుడారం జిప్పు దగ్గర ముక్కు పెట్టి, మెడ నుంచి తోక మొదలు దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గొంతులోనే గుర్రుమంటూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, చివరికి నా కాళ్ళ మీదికి ఎక్కి కూర్చుంది. తెల్లారి చూస్తే గుడారానికి ముప్పై అడుగుల దూరంలో తవ్వి పోసిన మట్టి, పక్కనే రెండు ముళ్ళపంది ముళ్ళు కనిపించాయి. జిప్పు తెరిచి ఉంటే ఆ ముళ్ళు మల్లి మూతిలో ఉండేవి.

కుక్క వెంట ఉంటే అడవిలో ధైర్యం అని మనలో చాలామంది నమ్మకం. దానికి కొంత ఆధారం లేకపోలేదు. మన ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు అరవై లక్షల వరకు ఉంటే, కుక్క ముక్కులో అవి ఇరవై, ముప్పై కోట్ల దాకా ఉంటాయి. మనం ఇరవై కిలోహెర్ట్‌జ్‌ల దగ్గర ఆగిపోతే, దాని చెవి నలభై కిలోహెర్ట్‌జ్‌లు దాటిన శబ్దాన్నీ వింటుంది. కంటి లోపల వెనుక భాగాన ఉండే అద్దం వంటి పొర వల్ల మసక వెలుతురులో కదలికను మనకన్నా ముందే గుర్తిస్తుంది. కాబట్టి ఏదో వస్తోందన్న సంగతి దానికి తప్పకుండా ముందే తెలుస్తుంది. అయితే రాబోతున్నది దాన్నే వెతుక్కుంటూ వస్తున్నదైతే ఏమవుతుందన్నది ఆ నమ్మకంలో ఇమడని ప్రశ్న. నా దృష్టిలో అడవి అంచున కుక్క కాపలాదారు కాదు. దానికి మనం కాపలా ఉండాలి, అంతే జాగ్రత్తగా దాని నుంచి అడవికీ కాపలా ఉండాలి.

మొదట చిరుతపులి సంగతి చూద్దాం. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్) జిల్లా అకోలే ప్రాంతంలో, చెరకు తోటల మధ్య బతికే చిరుతల మలాన్ని సేకరించి వాటి ఆహారాన్ని లెక్కగట్టిన వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందానికి ఒక విశేషం కనిపించింది. చిరుతలు తిన్న మాంసంలో తూకం ప్రకారం 87 శాతం పెంపుడు జంతువులదే. అందులోనూ మేకలను, దూడలను వెనక్కి నెట్టి కుక్క ఒక్కటే 39 శాతం వాటా ఆక్రమించింది. ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. చిరుత ఇష్టపడే వేట పది నుంచి నలభై కిలోల మధ్య బరువు ఉంటుంది. మన ఊరి కుక్క సరిగ్గా ఆ కొలతలోనే ఉంటుంది. కొమ్ములు లేవు, గిట్టలు లేవు, పైగా తాను ఎక్కడ ఉన్నదీ తానే మొరిగి చెబుతుంది. శేషాచలం, నల్లమలతో సహా తూర్పు కనుమలు అన్నీ చిరుత తిరిగే నేలలే కాబట్టి, రాత్రిపూట కుక్కను గుడారం బయట చెట్టుకు కట్టడమంటే ఎర కట్టినట్లే. కట్టేసిన కుక్క పారిపోలేదు కూడా. అది గుడారం లోపలే, జిప్పు వేసిన లోపలి గదిలోనే, మన పక్కన పడుకోవాలి. తడి కుక్క వాసన భరించలేనివారు కుక్కను ఇంటి దగ్గరే ఉంచి రావడం మేలు. అర్ధరాత్రి మూత్రానికి తీసుకువెళ్ళవలసి వస్తే, ముందు టార్చి వెలుగు నాలుగు వైపులా తిప్పి, రెండు మీటర్లకు మించని పట్టాతో, గుడారానికి పది అడుగుల లోపే ఆ పని కానివ్వాలి. సాగే పట్టాలు, అంటే డబ్బీలోంచి ఐదారు మీటర్లు బయటికి వచ్చే తాళ్ళు, ఊరి వీధుల్లో పనికివస్తాయేమో గాని ఇక్కడ పనికిరావు.

పట్టా ఎందుకు అంత ముఖ్యమో ఎలుగుబంటిని తలచుకుంటే మరింత స్పష్టంగా అర్థమవుతుంది. శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో ఉండే ఎలుగు మనిషిని చూడగానే దాడి చేయాలని అనుకోదు. హఠాత్తుగా ఎదురుపడితేనే తిరగబడుతుంది. వదిలేసిన కుక్క పొదలోకి దూరి దాన్ని లేపుతుంది, మొరుగుతుంది, ఎలుగు లేచి నిలబడగానే భయపడి యజమాని దగ్గరకే పరుగెత్తుతుంది. వెనుక ఎలుగు ఉంటుంది. ఏనుగులు తిరిగే పార్వతీపురం మన్యంలోనూ, చిత్తూరు సరిహద్దుల్లోనూ ఇదే కథ మరింత పెద్ద శరీరంతో జరుగుతుంది. మొరిగే కుక్క కరవదంటారు గాని, అడవిలో మొరిగే కుక్క తాను కరవకపోయినా ఇంకొకరి చేత మనల్ని కరిపించగలదు.

చోటు విషయంలో చట్టం చెప్పేది ఒక్క మాటలో చెప్పుకోవచ్చు: అభయారణ్యాలు, జాతీయ ఉద్యానాలు, నాగార్జునసాగర్ శ్రీశైలం వంటి పులుల అభయారణ్యాలు కుక్కతో బస చేసే చోట్లు కావు; రిజర్వు అడవిలో అనుమతి లేకుండా రాత్రి ఉండడం కూడా నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం జంతువును చంపడమే కాదు, వెంటాడి తరమడం కూడా వేట కిందికే వస్తుంది. కుందేలును మన కుక్క తరిమితే ‘ఆడుకుంటోంది లెండి’ అన్న మాట చెల్లకపోవచ్చు. అందుకే నేను ఎప్పుడూ ప్రైవేటు పట్టా భూముల్లోనే, తోట యజమానిని అడిగి, పశువుల పాక కనిపించేంత దూరంలో గుడారం వేస్తాను. దీన్ని అడవిలో బస అనరని మిత్రులు ఎగతాళి చేస్తారు, చేయనివ్వండి.

తోట యజమానిని అడగడంలో మరో ప్రయోజనం ఉంది. అడవి పందుల బెడదకు కొందరు పొలం చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పరుస్తారు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ వీటికి మనుషులే బలైన సందర్భాలు ఉన్నాయి. అంతకన్నా దుర్మార్గమైనది నాటు బాంబు. తినే పదార్థంలో చుట్టిన మందుగుండు ఉండ అది. పంది కొరికితే పేలుతుంది. పందికి వేసిన ఆ ఉండ వాసన కుక్కకు ఇంకా బాగా నచ్చుతుంది. గట్టు వెంట, వాగు ఒడ్డున కనిపించిన ప్రతిదాన్నీ నోట పెట్టే కుక్క ఏ వన్యమృగానికీ దొరక్కుండానే ప్రాణం పోగొట్టుకోగలదు. ఎక్కడెక్కడ తిరగకూడదో ఆ ఊరివారికి తెలిసినంతగా ఏ పటమూ చెప్పలేదు. ‘వదిలెయ్’ అన్న మాటకు నోటిలోనిది కింద పడేసే అలవాటు లేని కుక్కకు తీగ అల్లిన బుట్టమూతి కట్టడం క్రూరత్వం కాదు. అందులోంచి అది వగర్చగలదు, నీళ్ళూ తాగగలదు.

వగర్చడం అన్నాను కాబట్టి ఎండ మాట కూడా చెప్పాలి. కుక్కకు చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల కిందనే ఉంటాయి. ఒంట్లోని వేడిని అది నాలుక మీద, ముక్కు లోపలి తడి పొరల మీద ఆవిరయ్యే నీటి ద్వారానే బయటికి పంపుతుంది. గాలిలో తేమ ఎక్కువైన కొద్దీ ఆ ఆవిరి నెమ్మదిస్తుంది. అందుకే కోస్తాలో ముప్పై నాలుగు డిగ్రీల మబ్బు రోజు, అనంతపురంలో అదే వేడి ఉన్న పొడి రోజు కన్నా కుక్కకు కష్టం. దాని సాధారణ ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే వడదెబ్బ కిందనే లెక్క. చిగుళ్ళు ఎర్రబారి, లాలాజలం జిగటగా సాగి, నడక తూలిందంటే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరాలి. చల్లబరచడం మొదలుపెట్టాకే బండి ఎక్కించాలి. ఆసుపత్రికి వెళ్ళాక చూద్దాం అనుకోకూడదు. పగలు మూసిన గుడారంలో కుక్కను వదిలి వెళ్ళడం ఎండలో ఆపిన కారులో వదలడంతో సమానం. లంబసింగి వంటి చోట ఇబ్బంది తారుమారవుతుంది. పొట్టి బొచ్చు నాటు కుక్కకు చలి ఎక్కువగా ఎక్కేది కింది నేల నుంచే కాబట్టి, మీద దుప్పటి కప్పేకన్నా ముందు కింద మందపాటి చాప పరవాలి.

పాముల విషయంలో కుక్క చేసే తప్పు ఒక్కటే: కదిలిన దాన్ని ముక్కుతో పలకరిస్తుంది. అందుకే కాట్లు ఎక్కువగా మూతి మీద, ముందు కాళ్ళ మీద పడతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికీ మన దేశంలో తయారయ్యే ఉమ్మడి విరుగుడు మందే కుక్కకూ వాడతారు. శరీరం చిన్నదని మోతాదు తగ్గదు, ఎందుకంటే పాము కక్కిన విషం శరీరాన్ని బట్టి తగ్గదు. కట్టు బిగించడం, గాటు పెట్టడం, పసరు పూయడం వంటివి కాలాన్ని తినేస్తాయి. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని వెళ్ళడమే చేయవలసింది. ఆ మందు దగ్గరలోని ఏ పశువైద్యుడి దగ్గర ఉందో బయలుదేరకముందే ఫోను చేసి అడిగి పెట్టుకోవాలి.

ఇంతవరకూ కుక్కకు వచ్చే ముప్పు గురించే మాట్లాడుకున్నాం. ఇక కుక్క వల్ల అడవికి వచ్చే ముప్పు సంగతి. 2018 సెప్టెంబరులో గుజరాత్ గిర్ అడవిలోని దల్ఖనియా రేంజిలో కొద్ది వారాల్లో 23 సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో కుక్కల డిస్టెంపర్ వైరస్ బయటపడింది. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో ఇదే వైరస్ అక్కడి సింహాల్లో దాదాపు మూడో వంతును, అంటే వెయ్యింటిని తుడిచిపెట్టింది. టీకాలు పడని కుక్క తుమ్ము, మూత్రం, మలం అడవికి చేరడమంటే ఏమిటో ఈ రెండు సంఘటనలు చూపించాయి. మన రేచుకుక్కలు, నక్కలు, తోడేళ్ళు కూడా ఈ వ్యాధికి లొంగేవే. అందువల్ల డిస్టెంపర్, పార్వో, రేబీస్ టీకాలు ప్రయాణానికి కనీసం నెల ముందే పూర్తి కావాలి. ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ టీకా మొదటిసారి అయితే రెండు మోతాదులు కావాలి కాబట్టి ఇంకా ముందుగా మొదలుపెట్టాలి. మలాన్ని సంచిలో కట్టి వెనక్కి తేవాలి. అడవిలో అన్ని జంతువులూ విసర్జిస్తాయి కదా అని వాదించేవారికి గిర్ సంగతే నా జవాబు.

తాగే నీళ్ళు ఇంటి నుంచే మోయాలి. విశ్రాంతిగా ఉన్న కుక్కకే రోజుకు కిలో బరువుకు యాభై, అరవై మిల్లీలీటర్లు కావాలి, నడిచే రోజున అది ఇంకా పెరుగుతుంది. మనం తినగా మిగిలిన కోడి కూర అన్నం దానికి పెట్టకూడదు. ఉడికిన ఎముక చీలికలై గుచ్చుకుంటుంది, ఉల్లిపాయ దాని ఎర్ర రక్తకణాలను చిదిమేస్తుంది. మిగిలిన కూడు గుడారం దగ్గర పారేయడం ఎలుగుకు, పందికి విస్తరి వేసి పిలిచినట్లే.

అన్నిటికన్నా చిన్న శత్రువుకు నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇస్తాను. దాన్ని కొందరు గోమారి అంటారు, కొందరు పిడుదు అంటారు. గడ్డిపోచ కొసన వెనుక కాళ్ళతో పట్టుకుని, ముందరి కాళ్ళ జత గాలిలోకి చాచి అది ఎదురుచూస్తుంది. ఆ కాళ్ళ చివర ఉండే సూక్ష్మమైన గుంటలు మనం వదిలే బొగ్గుపులుసు వాయువునూ ఒంటి వేడినీ పసిగడతాయి. కుక్క పక్కనుంచి వెళ్ళగానే అంటుకుంటుంది. మరుసటి ఉదయం ఎండలో మల్లిని వెల్లకిలా పడుకోబెట్టి వెతికాను. పల్లేరు కాయలు పాదాల్లో మూడు దొరికాయి. చెవి లోపలి మడతలో ఏమీ లేదు, కాలర్ కింద లేదు. కుడి ముందుకాలి వేళ్ళ మధ్య చర్మంలో మాత్రం నువ్వు గింజంత గోధుమరంగు చుక్క కనిపించింది. వేలితో తాకితే కదలలేదు. సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిపెట్టకుండా, తిన్నగా పైకి లాగితే ఎనిమిది కాళ్ళూ ఆడిస్తూ బయటికి వచ్చింది. కిరోసిను పోయడం, అగ్గిపుల్ల అంటించడం మన ఇళ్ళలో పాత అలవాటు. అలా చేస్తే గోమారి తన నోటిలోని ద్రవాన్ని, దానితో పాటు రోగక్రిములను గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది.

ఆ క్రిముల్లో ముఖ్యమైనది ఎర్లీకియా కానిస్ అనే బ్యాక్టీరియా. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యం తన వెంట తీసుకువెళ్ళిన కుక్కల్లో వందలాదిని ఇదే పొట్టన పెట్టుకుంది. ఇది తెల్ల రక్తకణాల్లో చేరి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయేలా చేస్తుంది. లక్షణాలు కనిపించేది సాధారణంగా ఎనిమిది నుంచి ఇరవై రోజుల తరువాతే కాబట్టి, గుడారం మడిచి ఇంటికి వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. ఆ సారి ఇంటి క్యాలెండరులో మూడు వారాల గడులకు పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, రోజూ మల్లి చిగుళ్ళ రంగు చూశాను, గిన్నెలో అన్నం మిగిల్చిందేమో చూశాను, ముక్కులోంచి రక్తపు చార వచ్చిందేమో చూశాను. వచ్చి ఉంటే రక్తపరీక్ష, ఆపైన నాలుగు వారాల డాక్సీసైక్లిన్ మాత్రలు ఉండేవి. ఇరవై రెండో రోజున గుర్తులు చెరిపేశాను.