కార్పొరేటర్ సరేనంటే రోడ్డు పడ్డట్టేనా? వార్డు పనుల్లో అపోహలు - వాస్తవాలు

మున్సిపల్ ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. మొదట జిల్లాల్లో చిన్న మున్సిపాలిటీలు, తర్వాత హైదరాబాద్ శివార్లు. ఇప్పుడు ఉప్పల్ వైపు మా కాలనీ సంఘం కాగితాలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఉప్పల్, కాప్రా, అల్వాల్ లాంటివి 2007 దాకా విడి మున్సిపాలిటీలే. ఆ ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు నగరంలో కలిసి జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్) అయింది. ఆఫీసు పెద్దదైంది గానీ, చైర్మన్ ఇంటి అరుగు మీద కూర్చుని అడిగే అలవాటు మనకింకా పోలేదు. సగం పనులు అక్కడే ఆగుతున్నాయి.

అపోహ: "కార్పొరేటర్ అన్న సరేనన్నాడు, ఇక రోడ్డు పడ్డట్టే."

అన్న చేయగలిగింది ప్రతిపాదన పంపడం, వెంటపడటం. డబ్బు ఆయన చేతిలో ఉండదు. ఏఈ వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేయాలి. దానికి సాంకేతిక మంజూరు (లెక్క, డిజైను సరేననడం) వేరు, పరిపాలనా మంజూరు (ఖర్చుకు సరేననడం) వేరు. మొత్తం చిన్నదైతే కమిషనర్ దగ్గరే తేలుతుంది, పెద్దదైతే స్టాండింగ్ కమిటీకి, ఇంకా పెద్దదైతే కౌన్సిల్‌కి పోతుంది. ఆ తర్వాత టెండర్, అగ్రిమెంట్. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండర్ వైపే చూడని సందర్భాలూ ఉంటాయి. అందుకే "ఎప్పుడేస్తారు సార్?" అని అడగకండి, "త్వరలో" అనే జవాబు ఎప్పుడూ రెడీగా ఉంటుంది. "ఎస్టిమేట్ ఎవరి టేబుల్ మీదుంది? మంజూరైందా? ఏ తేదీన?" అని అడిగితే అవతలి మనిషి ఫైలు తీయక తప్పదు.

పని మొదలయ్యాక మన వాళ్లు చేసే తనిఖీ ఏమిటంటే కుర్చీ వేసుకుని చూడటం. కాంక్రీటు పోయకముందే చూడాల్సింది వేరే ఉంది. రోడ్డుకు రెండు పక్కలా బిగించే ఇనుప చానళ్ల ఎత్తు ఎస్టిమేట్‌లో రాసిన మందానికి సరిపోవాలి. పక్కల్లో సరిపోయినా, మధ్యలో బెడ్ (కాంక్రీటు కింద చదును చేసిన నేల) ఉబ్బెత్తుగా వదిలేస్తే అక్కడ కాంక్రీటు పలుచబడుతుంది. ఈ చానల్ మీంచి ఆ చానల్ మీదికి తాడు బిగించి లాగి, మధ్యలో మూడు నాలుగు చోట్ల స్కేలు దించండి. బండారం బయటపడుతుంది. ఎవరితోనూ గొడవ అక్కర్లేదు, తాడు పట్టుకున్న మనిషిని చూస్తే మేస్త్రీయే బెడ్ చెక్కిస్తాడు. బిల్లు చేసే ముందు ఏఈ కొలతలన్నీ ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ పేజీల నకలు కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. ఎందుకని కారణం చెప్పనక్కర్లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

అపోహ: "నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు అన్నీ ఒకే ఆఫీసువి."

చిన్న మున్సిపాలిటీలో అలాగే ఉండేది. హైదరాబాద్‌లో తాగునీరు, మురుగు పైపులు 1989లో ఏర్పడిన జలమండలి కిందకొస్తాయి. వాననీటి నాలాలు, రోడ్లు, వీధి దీపాలు కార్పొరేషన్‌వి. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది. మ్యాన్‌హోల్ పొంగితే 155313కి చెప్పాలి. కార్పొరేషన్‌కి చెప్పి నాలుగు రోజులు ఎదురుచూస్తే నాలుగు రోజులు వాసనే.

కొత్త రోడ్డు వేసిన నెలకే తవ్వేది కూడా ఇందుకే. ఒకళ్లు పోస్తారు, ఇంకొకళ్లు కోస్తారు. కాబట్టి సీసీ రోడ్డు మంజూరైందని తెలియగానే సంఘం చేయాల్సిన మొదటి పని శంకుస్థాపనకు షామియానా మాట్లాడటం కాదు. ఖాళీ ప్లాట్లతో సహా ప్రతి ఇంటికీ నీళ్ల, డ్రైనేజీ కనెక్షన్ల పైపులు ముందే వేయించుకోవడం. ఖాళీ ప్లాటు ఓనర్లు ఏ అమెరికాలోనో ఉంటారు, ఫోన్ ఎత్తరు. అయినా వదలొద్దు.

ఇంకో మాట. వానాకాలంలో నీళ్లు పోవాలని మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తుంటారు. అది ప్రాణాల మీదికి తెస్తుంది, పైగా చట్టప్రకారం నేరం.

అపోహ: "ఇంటి పన్ను కడుతున్నాంగా, ఇల్లు లీగలే."

కాదు. అనుమతి లేని కట్టడానికీ పన్ను వేస్తారు, జరిమానా కలిపి మరీ. రసీదు వస్తే అది పన్ను కట్టినట్టే, పర్మిషన్ వచ్చినట్టు కాదు.

అపోహ: "సంఘంలో అందరం తీర్మానం చేశాం, ఎవరడుగుతారు?"

మా ఏరియాలో ఎక్కువ తగవులు దీని మీదే. లేఅవుట్‌లో పార్కుగా చూపి స్థానిక సంస్థకు రాసిచ్చిన జాగా సంఘానిది కాదు. అందులో ఒక మూల ఆఫీసు గది కడదామని తీర్మానం చేసినా, ఓ చిన్న గుడి కడదామని తీర్మానం చేసినా చెల్లవు. పార్కులు, రోడ్లు, ఇతర బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్తగా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదీ కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ మాట మీటింగులో ఎత్తినవాణ్ణి నాస్తికుడంటారు, పర్వాలేదు. రోడ్డుకు గేటు పెట్టి తాళం వేయడం, సొంతంగా స్పీడ్ బ్రేకర్ పోయించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. సంఘం రిజిస్టరైనంత మాత్రాన ప్రభుత్వం అయిపోదు.

అపోహ: "గ్రామసభ ఊళ్లకే, పట్నంలో జనం మాట్లాడే చోటే లేదు."

మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణే చెప్పింది, 1993 నుంచి అమల్లో ఉంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో వచ్చాక మున్సిపాలిటీల్లో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులతో నాలుగు కమిటీలు వేయాలి. నిజం చెప్పాలంటే చాలాచోట్ల పేర్లు రాసుకుని వదిలేశారు. అయినా అడిగేవాళ్లుంటేనే మీటింగు పెడతారు.

అపోహ: "సంతకాలు ఎన్నుంటే అంత బలం."

ఆఫీసులో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, రెండు వందల సంతకాల అర్జీలో ఏ వీధి అన్నదే లేకపోతే అది ఫైలు అడుగుకే పోతుంది. ఒక్కరే రాయండి. ఇంటి నంబరు, పక్కన గుర్తు, పొడవు ఎన్ని మీటర్లు, రెండు ఫొటోలు. ఒక అర్జీకి ఒకే సమస్య. సోమవారం ఆఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, తేదీ ముద్ర పడిన నకలు తీసుకునే బయటికి రండి.