సైన్సు పేరుతో సృష్టివాద ప్రసంగాలు: అపోహలు – వాస్తవాలు

ఒంగోలు, కావలి, మార్కాపురం వైపు క్రైస్తవ ఉజ్జీవ సభల్లో బైబిలు వాక్యంతో పాటు సైన్సు కూడా వినిపిస్తోంది. భూమి వయసు ఆరు వేల ఏళ్లేనట, కార్బన్ డేటింగ్ బూటకమట, డార్విన్ చివరికి తప్పు ఒప్పుకున్నాడట. ఆ వీడియోలు వాట్సాప్‌లో తిరిగి తిరిగి పదో తరగతి పిల్లల దాకా వస్తున్నాయి. దేవుడి సంగతి మేం మాట్లాడబోం. రాళ్లు, శిలాజాలు, వాటి వయసు కట్టడం మా పని కాబట్టి ఆ మేరకే ఈ నాలుగు మాటలు.

అపోహ: చెప్పినాయన మామూలు పాస్టర్ కాదు, డాక్టరేట్ ఉంది.

ఏ సబ్జెక్టులో, ఎవరిచ్చారు అన్నది ముందు చూడాలి. యూజీసీ వెబ్‌సైట్లో నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా ఉంటుంది. మన రాష్ట్రం కింద గుంటూరు, విశాఖ చిరునామాలతో అందులోకెక్కినవి మతబోధ పేర్లు పెట్టుకున్న సంస్థలే. సంస్థ అసలుదే అయితే శోధ్‌గంగలో (మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలుండే వెబ్‌సైట్) ఆయన పేరు కొట్టి సిద్ధాంత గ్రంథం వెతకండి. 2009కి ముందువి చాలా వరకు అందులో ఉండవు, కనపడనంత మాత్రాన దొంగ అనుకోకూడదు. గౌరవ డాక్టరేట్ అయితే దాని వెనక పరిశోధన ఉండదు. బెంగాల్‌లోని సెరాంపూర్ క్రైస్తవ విద్యాసంస్థ నుంచి వచ్చిన డాక్టరేట్ నిఖార్సయినదే, కానీ అది క్రైస్తవ వేదాంతంలో (థియాలజీలో), సైన్సులో కాదు.

అమెరికాలో ‘డాక్టర్ డైనో’గా పేరుమోసిన సృష్టివాద ప్రసంగీకుడు కెంట్ హోవిండ్ డాక్టరేట్ గుర్తింపు లేని బైబిల్ విద్యాసంస్థది. తెలుగులో వినిపించే వాదనల్లో చాలా భాగం ఆయన వీడియోల్లో ఉన్నవే. అలాగని పట్టా అసలుదైతే చాలనీ కాదు. అమెరికా సృష్టివాదుల్లోనే డ్యూయేన్ గిష్‌కి బర్కిలీ నుంచి బయోకెమిస్ట్రీలో నిజమైన పీహెచ్‌డీ ఉంది, హెన్రీ మోరిస్ హైడ్రాలిక్ ఇంజనీరు. ఇద్దరూ శిలాజాల మీద పని చేసినవాళ్లు కారు.

అపోహ: బతికున్న నత్తకే వేల ఏళ్ల వయసు చూపించింది, కార్బన్ డేటింగ్‌ను ఎలా నమ్మాలి?

కార్బన్ డేటింగ్ అంటే ఒకప్పటి ప్రాణిలో మిగిలిన కార్బన్-14 (కాలం గడిచేకొద్దీ తగ్గిపోయే కార్బన్ రకం) ఎంతో కొలిచి వయసు కట్టడం. నత్త సంగతి నిజం. 1963లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది, రెండు వేల ఏళ్ల పైచిలుకు వయసు చూపింది. కారణం కూడా ఆ వ్యాసంలోనే ఉంది, సభలో చెప్పేవాళ్లు అక్కడికి రాకముందే ఆపేస్తారు. సున్నపురాళ్ల నుంచి, పాత మట్టి నుంచి నీళ్లలో కరిగిన కార్బన్‌లో కార్బన్-14 ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. నత్త ఆ కార్బన్‌తో గుల్ల కట్టుకుంటే పుట్టిన రోజే ముసలిదిగా కనిపిస్తుంది. ఇలా జరుగుతుందని హెచ్చరించడానికే ఆ వ్యాసం రాశారు. గుల్లల వయసు కట్టేటప్పుడు దీనికి సవరణ వేస్తారు.

కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. పది సార్లు సగమైతే వెయ్యింట ఒక వంతు కూడా మిగలదు. అందుకే సుమారు 50,000 ఏళ్లు దాటితే ఆ పద్ధతి పనికిరాదు. బొగ్గులో, వజ్రంలో కార్బన్-14 దొరికిందన్న వాదనకూ జవాబు ఈ లెక్కలోనే ఉంది. కోట్ల ఏళ్లనాటి నమూనాలో కొత్త కార్బన్ నూటికి ఒక్క పాలు కలిసినా వయసు 38,000 ఏళ్లని వస్తుంది. నమూనా పట్టుకున్న చేయి, కడిగిన నీళ్లు, యంత్రంలో మిగిలిన మసి, ఏదైనా చాలు.

అసలు చీమకుర్తి గెలాక్సీ రాయికి (వ్యాపారంలో గ్రానైటే గానీ, మాకది గాబ్రో అనే వేరే రకం రాయి) ఎవరూ కార్బన్ డేటింగ్ చెయ్యరు. సైదాపురం అభ్రకాన్ని తీసుకోండి. అందులో పొటాషియం ఉంటుంది. దానిలో కొంత పొటాషియం-40, అది 125 కోట్ల ఏళ్లకు సగమవుతూ కొంత ఆర్గాన్ వాయువుగా మారి అభ్రకం లోపలే చిక్కుకుంటుంది. ఆ ఆర్గాన్‌ను కొలుస్తారు. అభ్రకం మళ్లీ బాగా వేడెక్కితే ఆర్గాన్ బయటికి పోయి వయసు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అంటే మన రాళ్లలో ఎక్కువగా భయపడాల్సిన పొరపాటు ప్రసంగీకులు చెప్పే దిక్కుకు పూర్తిగా ఎదురు.

అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం దగ్గర పదేళ్ల రాయికి ఇదే ఆర్గాన్ పద్ధతిలో 3.5 లక్షల ఏళ్లు వచ్చిందని కూడా చెబుతారు. 20 లక్షల ఏళ్లలోపు రాళ్లకు తమ పరికరం సరిపోదని ఆ రాయిని పరీక్షించిన ల్యాబు ముందే చెప్పుకుంది. గ్రానైటు లారీని తూచే వేబ్రిడ్జి మీద ఉంగరం పెట్టి, కాటా దొంగదన్నట్టుంది.

ప్రకాశం జిల్లా రెట్లపల్లెలో దొరికిన రాతి పనిముట్ల వయసు సుమారు 1,39,000 ఏళ్ల దాకా వెళ్తుందని 2024లో ప్రచురించారు. అది కార్బన్ పద్ధతి కాదు. ఇసుక రేణువుకు చివరిసారి ఎండ ఎప్పుడు తగిలిందో కొలిచే పద్ధతి.

అపోహ: రాతి పొరలన్నీ నోవహు జలప్రళయంలో ఏడాదిలోపే పడ్డాయి.

మార్కాపురం పలక చేతిలోకి తీసుకోండి. బురద పొరలుగా పేరుకుని, లోతున పూడి, వేడికీ ఒత్తిడికీ గట్టిపడితేనే పలక అవుతుంది. వాటి వయసు వంద కోట్ల ఏళ్లు పైమాటే. ఇన్ని క్వారీల్లో ఇన్ని లక్షల పలకలు చీల్చినా ఒక్కదాంట్లోనూ చేప ముల్లు గానీ చెట్టు ఆకు గానీ కనపడదు. అదే ఒంగోలు ప్రాంతపు వేమవరం షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) పొరలు విప్పితే ఆకుల అచ్చులు బయటపడతాయి, అవి డైనోసార్ల కాలానివి. ఒకే వరద రెండు చోట్లా బురద పోసి ఉంటే, మార్కాపురం వైపు ఒక్క ఆకైనా కొట్టుకుపోకుండా ఎలా ఉంది?

ఆరు వేల ఏళ్లన్న అంకె కూడా బైబిలు వచనం కాదు. 1650లో ఐర్లాండ్ ఆర్చిబిషప్ అషర్ వంశావళులు కూడి క్రీ.పూ. 4004 అని తేల్చిన లెక్క అది.

అపోహ: యెహోషువ కాలంలో (సూర్యుడు ఆగిపోయాడని బైబిలు చెప్పే కాలంలో) తప్పిపోయిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయి.

లేదు. నాసాయే కాదంది. గ్రహాల కదలికను వెనక్కి లెక్కకట్టే కంప్యూటరుకు ‘తప్పిపోయిన రోజు’ తగలడానికి ఆస్కారమే లేదు.

అపోహ: చనిపోయే ముందు డార్విన్ పశ్చాత్తాపపడ్డాడు.

ఆయన పోయింది 1882లో, ఈ పశ్చాత్తాపం గురించి లేడీ హోప్ అనే ఆవిడ చెప్పిన కథ అచ్చయింది 1915లో. చివరి ఘడియల్లో పక్కనే ఉన్న కూతురు హెన్రియెట్టా అది అబద్ధమని 1922లో అచ్చులోనే చెప్పింది.

అపోహ: ఇది క్రైస్తవుల మీద దాడి.

2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నది అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసర్ కూడా. పురాణం పేరు చెప్పినా, బైబిలు పేరు చెప్పినా కొలబద్ద ఒక్కటే. పోప్ రెండో జాన్ పాల్ 1996లో పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ స్థాయిని దాటిందని ఒప్పుకున్నారు. ఒంగోలు క్లౌ దొరగారు (అమెరికన్ బాప్టిస్టు మిషనరీ) సర్వే పని తెలిసినవాడు, 1870ల కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. భక్తికీ కొలతలకూ అప్పుడు గొడవ రాలేదు.

అపోహ: శాస్త్రవేత్తలు చర్చకు రారు, భయం.

గిష్ చర్చల్లో ఒక పద్ధతి ఉండేది. నిమిషంలో పది వాదనలు విసిరేవాడు. ఒక్కోదానికి జవాబు చెప్పడానికి పది నిమిషాలు కావాలి. వినేవాళ్లకు మిగతా తొమ్మిదీ నెగ్గినట్టే ఉంటుంది. అందుకే సభలో అయ్యగారిని నిలదీయొద్దు. ఒక్క వాదన పట్టుకోండి. వీడియోలో అది ఏ నిమిషంలో వచ్చిందో రాసుకుని, తర్వాత మర్యాదగా మూడే అడగండి: ఆ పరిశోధన ఏ పత్రికలో, ఏ సంవత్సరం వచ్చింది? నమూనా ఎక్కడ తీశారు? ఏ పద్ధతిలో కొలిచారు? జవాబు వస్తే ఆ కాగితం మీ ఊరి హైస్కూలు సైన్సు మాస్టారికివ్వండి, మూల వ్యాసం వెతికిపెడతారు.