బాఖ్, హాండెల్ చర్చి సంగీతం, పాతకాలపు వాయిద్యాలు: అపోహలు – వాస్తవాలు

బాఖ్, హాండెల్ లాంటి స్వరకర్తలు రాసిన 18వ శతాబ్దపు చర్చి సంగీతాన్ని ఆ కాలపు వాయిద్యాలతో పాడే బృందాల్లో నేను టెనర్ (మగవాళ్ల పై స్థాయి గొంతు) పాడతాను. ఉండేది జర్మనీలో. అయినా ఈ పని గురించి ఎక్కువగా అడిగేది మనవాళ్లే. వాళ్లలో చర్చి క్వైర్లలో పాడేవాళ్లున్నారు, కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లున్నారు. వాళ్లు అడిగినవీ, ఇక్కడి శ్రోతలు గట్టిగా నమ్మేవీ కలిపి రాస్తున్నాను. ఈ పద్ధతిలో పాడటం వల్ల నాకు కనిపించిన అసలు లాభం ముందే చెప్పేస్తాను: పాటలో మాట వినిపిస్తుంది. కింద రాసినదంతా ఏదో ఒక దారిలో అక్కడికే వస్తుంది.

అపోహ: ఆ వాయిద్యాలన్నీ మూడొందల ఏళ్ల నాటివి.

చాలావరకు కావు. మ్యూజియంలలో ఉన్న పాత వాయిద్యాల కొలతలు తీసుకుని ఈనాటి పనివాళ్లు చేసినవే ఎక్కువ. ముఖ్యంగా ఓబోలు (సన్నాయిలాంటి వాయిద్యాలు), ఫ్లూట్‌లు. రెండు శతాబ్దాలు ఎండిన చెక్కలోకి రోజూ ఊపిరి తేమ వెళ్తే పగిలిపోతుంది. అందుకే అసలువాటిని ఎక్కువసేపు వాయించనివ్వరు. వయొలిన్ సంగతి వేరు, పాతవి ఇప్పటికీ వాయిస్తున్నారు. కానీ స్ట్రాడివారి చేసిన వయొలిన్లలో కూడా దాదాపు అన్నిటికీ 19వ శతాబ్దంలో మెడ మార్చేశారు. పెద్ద హాళ్లకు సరిపోయేలా తీగల బిగువు పెంచారు. అంటే పెట్టె పాతదైనా అందులోంచి వచ్చే ధ్వని పాతది కాదు. కొత్తగా చేసిన నకలే ఒక్కోసారి బాఖ్ విన్న ధ్వనికి దగ్గరగా ఉంటుంది.

అపోహ: పాత వాయిద్యాలంటే బలహీనమైన వాయిద్యాలు, తర్వాత బాగుచేశారు.

నాకు బాగా బాధ కలిగించే మాట ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

వయొలిన్‌కు గొర్రె పేగుతో చేసిన తీగలు వేస్తారు. వాటి మీద కమాను పెట్టగానే చిన్న గరుకు వినిపిస్తుంది. మాట మొదట్లో హల్లు పలికినట్టే ఉంటుంది. ఆ కాలపు కమాను కొన దగ్గర తేలిక. అందుకని స్వరం గట్టిగా మొదలై తనంతట తానే తగ్గుతుంది. ఆ తగ్గిన చోట గాయకుడి మాటకు జాగా దొరుకుతుంది. 18వ శతాబ్దం చివర్లో వచ్చిన ఆధునిక కమాను మొదటినుంచి చివరిదాకా ఒకే బలంతో స్వరాన్ని లాగగలదు. ఒపేరా హాలుకు అది వరమే. కానీ పదహారుమంది పాడే కోరస్ వెనక అలాంటి కమాన్లు పాతిక ఉంటే, మేం మాటల్ని గాలికి వదిలేసి గొంతు పెంచాల్సి వస్తుంది.

క్రీస్తు శ్రమల కథను పాటగా చెప్పే బాఖ్ రచన ‘సెయింట్ జాన్ ప్యాషన్’ తీసుకోండి. 1724 గుడ్ ఫ్రైడేనాడు, బాఖ్ పనిచేసిన లైప్‌జిగ్‌లోని సెయింట్ నికొలాస్ చర్చిలో మొదట పాడారు. మొదటి కోరస్‌కు ముందు వాయిద్యాలు మాత్రమే ఉంటాయి. కింద బాస్ ఒకే స్వరం మీద గుండె కొట్టుకున్నట్టు కొడుతూ ఉంటుంది. మధ్యలో వయొలిన్లు ఆగకుండా సుడి తిరుగుతుంటాయి. పైన ఓబోలు, ఫ్లూట్‌లు పొడుగు స్వరాలు పట్టుకుని ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, పక్కపక్క స్వరాలు ఒకేసారి మోగుతాయి. ఆధునిక ఆర్కెస్ట్రాలో ఈ మూడూ కలిసిపోయి ఒక ముద్దగా వినిపించడం నేను చాలాసార్లు విన్నాను. పాత ఓబోల రంగు వేరు, చెక్క ఫ్లూట్‌ల రంగు వేరు, పేగు తీగల రంగు వేరు. అందుకే ఇక్కడ ఆ రాపిడి విడిగా చెవిలో గుచ్చుకుంటుంది. దాని మీద మేం ‘హెర్’ అని, అంటే ‘ప్రభువా’ అని, మూడుసార్లు పిలుస్తాం. ఆ పిలుపును వాయిద్యాల మీద నుంచి అరవక్కర్లేదు, వాటి మధ్యలో నిలబడి పలికితే చాలు.

ట్రంపెట్ కూడా అంతే. అప్పటి ట్రంపెట్‌కు వాల్వులు లేవు, అవి 19వ శతాబ్దం మొదట్లో వచ్చాయి. పొడవాటి గొట్టం, పెదవులు, ఊపిరి, అంతే. సహజంగా వచ్చే అనుస్వరాలే (హార్మోనిక్స్) దొరుకుతాయి. వాటిలో పదకొండోది, పదమూడోది మన చెవికి శ్రుతిలో ఉండవు. వాయించేవాడు పెదవితో వాటిని సర్దుతాడు. ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఇప్పుడు మీరు కచేరీల్లో చూసే చాలా బరోక్ (ఆ కాలపు శైలి) ట్రంపెట్‌లకు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. శ్రుతి సర్దడానికి 20వ శతాబ్దంలో చేసిన ఏర్పాటు అది. బాఖ్ కాలంలో లేదు. రంధ్రాలు లేకుండా వాయించగలిగేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. వాళ్ల పక్కన పాడటం వేరే అనుభవం.

అపోహ: అసలైన శ్రుతి ఏ=415 (అంటే ‘ఏ’ అనే స్వరం సెకనుకు 415 కంపనాల దగ్గర).

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. మన గాయకులకు ఒకరిది ఒక కట్టై (ఆధార శ్రుతి), ఇంకొకరిది ఇంకో కట్టై. యూరప్‌లో ఊరికో శ్రుతి ఉండేది. లైప్‌జిగ్ చర్చి ఆర్గన్లు మిగతా వాయిద్యాల కన్నా ఒక పూర్తి స్వరం ఎక్కువలో ఉండేవి. అందుకే బాఖ్ బృందంలో ఆర్గన్ వాయించేవాడి కాగితాన్ని ఒక స్వరం కిందికి మార్చి రాసేవారు. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో 392 దగ్గర వాయించేవారు. హాండెల్‌దని చెప్పే శ్రుతి దండం (ట్యూనింగ్ ఫోర్క్) 422 చిల్లర దగ్గర మోగుతుంది. మరి 415 ఎక్కడిది? ఈనాటి 440కి సరిగ్గా అర స్వరం తక్కువ. హార్ప్సికార్డ్ (పియానోకు ముందు తరం కీబోర్డు వాయిద్యం) మెట్లను ఒక స్థానం పక్కకు జరిపితే రెండు శ్రుతులకూ అదే వాయిద్యం పనికొస్తుంది. అంటే ఇది మా కాలపు సౌకర్యం. ఆ 440 కూడా 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్నదే.

గొంతుకు మాత్రం ఈ అర స్వరం చిన్న విషయం కాదు. సొప్రానో, టెనర్ భాగాలు పై స్థాయిలో ఎక్కువసేపు ఉండే చోట, అర స్వరం తగ్గితే అచ్చులు మూసుకుపోవు. మాట మాటలాగే ఉంటుంది.

శ్రుతి సర్దుబాటు గురించి కూడా ఒక మాట. మా హార్ప్సికార్డ్, ఆర్గన్లను పియానోలా పన్నెండు సమాన భాగాలుగా శ్రుతి చేయరు. ఎక్కువగా వాడే మేళాల్లో గాంధారం హార్మోనియం గాంధారం కన్నా కాస్త తగ్గి, స్వచ్ఛతకు దగ్గరగా ఉంటుంది. హార్మోనియం శ్రుతి మీద మన విద్వాంసులు ఎందుకు అభ్యంతరం చెప్పారో తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

అపోహ: బాఖ్ కోరస్ ఎప్పుడూ ఒక్కో స్వర భాగానికి (సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్) ఒక్కరే. / బాఖ్‌కు వందమంది కోరస్ కావాలి.

రెండు వైపులా గట్టిగా వాదించేవాళ్లున్నారు. 1730 ఆగస్టు 23న బాఖ్ లైప్‌జిగ్ నగర మండలికి ఒక వినతిపత్రం రాశాడు. ప్రతి క్వైర్‌కు ఒక్కో స్వర భాగానికి కనీసం ముగ్గురు ఉండాలనీ, నలుగురుంటే మరీ మంచిదనీ అందులో ఉంది. అంటే నాలుగు భాగాలకూ కలిపి పదహారుమంది. 1981లో సంగీత పరిశోధకుడు జాషువా రిఫ్కిన్ దీన్ని తిరగేశాడు. ఆ సంఖ్య బృందంలోని మొత్తం గాయకుల పేర్ల జాబితాకు సంబంధించినది, ఒక రచన పాడేటప్పుడు నిలబడేది చాలాసార్లు భాగానికి ఒక్కరే అన్నాడు. అతని ఆధారం చేతిరాత కాగితాలు: చాలా కంటాటాలకు (చర్చి ఆరాధనలో పాడే రచనలు) గాయకుల కాగితం భాగానికి ఒక్కటే ఉంది, అందులోనే సోలోలూ ఉన్నాయి, కోరస్‌లూ ఉన్నాయి. అదే ‘సెయింట్ జాన్ ప్యాషన్’కు అదనపు గాయకుల కోసం రాసిన నాలుగు కాగితాలు మిగిలాయి, కాబట్టి అక్కడ కనీసం ఇద్దరేసి పాడారు. వాదన ఇంకా తెగలేదు. నేను రెండు పద్ధతుల్లోనూ పాడాను. ఒక్కరే పాడేటప్పుడు ఫ్యూగ్‌లో (ఒకే వరసను గొంతులు ఒకదాని వెనక ఒకటి ఎత్తుకునే రచన) ప్రతి గొంతూ ఒక మనిషిలా వినిపిస్తుంది. కానీ శ్రమల కథలో జనసమూహం ‘సిలువ వేయండి’ అని అరిచే చోట నాకు ముగ్గురో నలుగురో పక్కన కావాలనిపిస్తుంది.

హాండెల్ లెక్కలు మరింత స్పష్టం. 1754లో లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో ‘మెస్సయ్య’ పాడినప్పటి ఖర్చుల పద్దు దొరికింది. అందులో వాయిద్యకారులు 38 మంది, కోరస్ గాయకులు దాదాపు 19 మంది, సోలో గాయకులు ఐదుగురు. కోరస్ కన్నా వాయిద్యాలే రెండింతలు! ఈ నిష్పత్తి ఈనాటి ఆర్కెస్ట్రాతో కుదరదు, కోరస్ మునిగిపోతుంది. పేగు తీగలతో హాయిగా కుదురుతుంది. అలాగని చిన్న బృందం మాత్రమే ‘అసలైనది’ అనుకోవద్దు. 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో హాండెల్ స్మారకోత్సవానికి 500 మందికి పైగా పాడి, వాయించారు. అదీ 18వ శతాబ్దమే.

అపోహ: వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) నిషిద్ధం.

ప్రసిద్ధ స్వరకర్త మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ మొజార్ట్ 1756లో అచ్చయిన వయొలిన్ పుస్తకంలో, ప్రతి స్వరాన్నీ జ్వరం వచ్చినట్టు వణికించేవాళ్లను తప్పుపట్టాడు. సరే. కానీ అంతకు ఐదేళ్ల ముందే లండన్‌లో ఇటాలియన్ వయొలినిస్టు జెమినియాని, దాన్ని వీలైనంత తరచుగా వాడమన్నాడు. ఇద్దరూ గొప్ప వాద్యకారులే. ఇద్దరి మాటల్లోనూ కనిపించేది ఒకటి: అది ఆలోచించి చేసే పని. ఏ స్వరానికి ఎంత గమకం కావాలో రాగాన్ని బట్టి, సాహిత్యాన్ని బట్టి ఎంచుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కోరస్‌లో మేం మామూలుగా గొంతు నిలకడగా ఉంచుతాం. నలుగురు నాలుగు వేగాలతో వణికిస్తే పక్కపక్క స్వరాల రాపిడి చెదిరిపోతుంది. దుఃఖం ఉన్న మాట మీద, పొడుగు స్వరం చివర కొద్దిగా వదులుతాం. చప్పగా, ప్రాణం లేకుండా పాడటం మాత్రం ఏ పాత పుస్తకమూ చెప్పలేదు.

అపోహ: ఆ రోజుల్లో చర్చిలో ఆడవాళ్లు పాడలేదు.

లైప్‌జిగ్‌లో బాఖ్ చర్చిల వరకు నిజం. పై భాగాలు బాలురు పాడారు. వెనిస్‌కు వెళ్తే కథ పూర్తిగా మారిపోతుంది. పియెతా అనాథాశ్రమంలో స్వరకర్త వివాల్డి పనిచేసిన రోజుల్లో పాడేదీ వాయించేదీ అక్కడి అమ్మాయిలే, స్త్రీలే. టెనర్, బాస్ అని రాసిన భాగాలు కూడా వాళ్లే పాడారు. జాలీల వెనక నుంచి వచ్చే ఆ సంగీతం కోసం దూరదేశాల నుంచి జనం వచ్చేవారు. క్రిస్మస్‌కు మన క్వైర్లు కూడా అప్పుడప్పుడు పాడే వివాల్డి ‘గ్లోరియా’ వాళ్లలాంటి గొంతుల కోసమే పుట్టింది.

అపోహ: ‘మెస్సయ్య’లోని హల్లెలూయ కోరస్ దగ్గర రాజు లేచి నిలబడ్డాడు, అందుకే మనమూ నిలబడాలి.

మన చర్చిల్లో కూడా దీన్ని నిజమనే చెబుతారు. రెండవ జార్జి రాజు 1743లో లండన్ ప్రదర్శనకు వచ్చాడనడానికే ఆ కాలపు ఆధారం లేదు. కథ మొదట కనిపించేది 1780లో రాసిన ఒక ఉత్తరంలో, 37 ఏళ్ల తర్వాత. భక్తితో నిలబడాలనిపిస్తే నిలబడండి, అందులో తప్పేమీ లేదు. రాజు పేరు మాత్రం అక్కర్లేదు.

అపోహ: చిన్న పెట్టె ఆర్గనే ప్రామాణికం.

మేమంతా వాడేది అదే, కానీ లైప్‌జిగ్‌లో మోగింది గ్యాలరీలో ఉన్న పెద్ద ఆర్గన్. ఇప్పుడు కచేరీలో పాడేవాళ్లు గ్యాలరీలో కాక కింద వేదిక మీద ఉంటారు, ఆర్గన్ మరోచోట వేరే శ్రుతిలో ఉంటుంది, అందుకే రాజీ పడుతున్నాం. పెద్ద ఆర్గన్‌తో బాఖ్ పాడే అవకాశం వస్తే వదులుకోవద్దు. బాస్‌కు వచ్చే పునాదే వేరు.

అపోహ: ఇది డబ్బున్న బృందాలకే, మన క్వైర్లకు కాదు.

పేగు తీగలు ఖరీదే, పైగా చాలా పని పెడతాయి. శీతాకాలంలో చల్లటి చర్చిలోకి జనం వచ్చి కూర్చోగానే గాలిలో తేమ పెరుగుతుంది, తీగలు జారిపోతాయి. మొదటి భాగం అయ్యేసరికి వయొలిన్లన్నీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి. ఓబో వాద్యకారుడు విరామంలో కూడా చాకుతో రీడ్ గీక్కుంటూనే ఉంటాడు. ఈ టెన్షన్ అంతా మీకు అక్కర్లేదు. గుంటూరులోనో సికింద్రాబాద్‌లోనో కీబోర్డు పెట్టుకుని హల్లెలూయ పాడే క్వైర్‌ కూడా ఈ పద్ధతిలో సగం ఈ డిసెంబరులోనే చేయొచ్చు. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మైనస్ ఒకటి పెట్టండి, 415 వచ్చేస్తుంది. సొప్రానోలు పొడుగు స్వరాలు పట్టుకుని మెట్టు మెట్టుగా పైకెక్కే చోట తేడా వెంటనే తెలుస్తుంది. స్ట్రింగ్స్ సౌండ్ తీసేసి ఆర్గన్ ఒక్కటే ఉంచండి, ఎకో బాగా తగ్గించండి. అరవైమంది ఉంటే ఒక రిహార్సల్ ఇరవైమందితో చేసి చూడండి. ప్రతి మాటలో బరువైన అక్షరం ఏదో పెన్సిల్‌తో గీత గీసుకుని, మిగతావి తేలిగ్గా వదిలేయండి. వెనక వరుసలో పాట తెలియని ఒకరిని కూర్చోబెట్టి, ఏ మాటలు వినపడ్డాయో రాయమనండి.