కొన్న పుస్తకాలు, కాజేసిన పుస్తకాలు

కాపీరైట్ ఉన్న రచనలతో ఏఐకి శిక్షణ ఇవ్వొచ్చా? చాట్‌జీపీటీ వచ్చాకే ఈ గొడవ మొదలైందనుకుంటాం గానీ, దీని వేళ్లు 2004లో ఉన్నాయి. ఆ ఏడాది గూగుల్ పెద్ద లైబ్రరీలతో ఒప్పందాలు చేసుకుని, రచయితలను అడక్కుండానే, సెర్చ్‌లో వెతికితే దొరికేలా పుస్తకాలను స్కాన్ చేసే పనికి దిగింది. మరుసటి ఏడాదే అమెరికా రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ కోర్టుకెక్కింది. పదేళ్లు నలిగాక, 2015లో అప్పీలు కోర్టు గూగుల్ పక్షానే తీర్పిచ్చింది. పుస్తకమంతా కాపీ చేసినా పాఠకుడికి చూపేది చిన్న తునకలే, అవి అసలు పుస్తకానికి చెప్పుకోదగ్గ ప్రత్యామ్నాయం కావు, కాబట్టి ఇది 'ఫెయిర్ యూజ్' (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకం) అంది.

ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి పియర్ లెవాల్‌కు ఇది పాత సబ్జెక్టే. పాత రచనను కొత్త ప్రయోజనానికి మలిచారా లేదా అన్నదే ఫెయిర్ యూజ్‌కు గీటురాయి కావాలని 1990లో హార్వర్డ్ లా రివ్యూలో వాదించింది ఆయనే. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తలకెత్తుకుంది. ఇవాళ ఏఐ కంపెనీల లాయర్ల చేతిలో ఉన్న ప్రధాన అస్త్రం అదే. చిక్కేమిటంటే, సెర్చ్ పుస్తకం దగ్గరికి దారి చూపుతుంది. చాట్‌బాట్ తనే రాసిపెట్టి రచయితకు పోటీకొస్తుంది.

జపాన్ 2018లోనే చట్టం సవరించి శిక్షణకు దాదాపు తలుపులు బార్లా తెరిచింది. యూరోపియన్ యూనియన్ 2019లో అనుమతిస్తూనే, వద్దనే హక్కును హక్కుదారులకు ఉంచింది. అమెరికాలో మాత్రం అంతా కోర్టుల మీదే పడింది.

ఏఐ కంపెనీ ఆంత్రోపిక్‌పై రచయితలు వేసిన కేసులో 2025 జూన్‌లో జిల్లా కోర్టు న్యాయమూర్తి విలియం ఆల్సప్ ఇచ్చిన తీర్పు చూడండి. ఆ కంపెనీ లక్షల పుస్తకాలు కొని, బైండింగు ఊడదీసి, పేజీలు కోసి, స్కాన్ చేసి, కాగితాన్ని పారేసింది. అది తప్పు కాదన్నారు. శిక్షణా తప్పు కాదన్నారు. కానీ పైరసీ సైట్ల నుంచి దించుకున్న 70 లక్షలకు పైగా కాపీలను లైబ్రరీగా దాచుకోవడాన్ని ఒప్పుకోలేదు. చివరికి రచయితలతో 150 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. దీన్ని శిక్షణకు కట్టిన ధర అనుకునేవాళ్లున్నారు. కాదు, అది పైరసీకి కట్టిన మూల్యం. నా దృష్టిలో కోర్టు తేల్చింది సులువైన ప్రశ్నే.

రెండు రోజులకే అదే జిల్లా కోర్టులో మరో న్యాయమూర్తి విన్స్ ఛాబ్రియా, తమ పుస్తకాలతో మెటా ఏఐకి శిక్షణ ఇచ్చిందంటూ రచయితలు వేసిన కేసులో, సరైన ఆధారాలు చూపలేదంటూ వాళ్లను కాదని మెటాను గెలిపించారు. అయితే ఏఐ రాతలు మార్కెట్‌ను ముంచెత్తి అసలు రచనల అమ్మకాలను దెబ్బతీస్తే చాలా కేసుల్లో అది అక్రమమే అవుతుందని కూడా అదే తీర్పులో రాశారు.

అసలు మోడల్ లోపల కాపీ అనేది ఉంటుందా? దీనిమీదా ఏకాభిప్రాయం లేదు. 2025 నవంబర్ 4న లండన్ హైకోర్టు, ఫొటోల సంస్థ గెట్టీ ఇమేజెస్ వేసిన కేసులో, బొమ్మలు గీసే స్టెబిలిటీ ఏఐ మోడల్ ఫొటోలను తనలో దాచుకోదు కాబట్టి అది కాపీ కాదంది. సరిగ్గా వారానికి జర్మనీలోని మ్యూనిక్ కోర్టు, పాటల సాహిత్యాన్ని ఓపెన్‌ఏఐ మోడల్ కంఠతా పట్టడమే కాపీ చేయడమంది.